వెస్లీ: ఒక ఇంటిపేరు మన పిల్లల పేరైన కథ



లూకా సువార్త మొదటి అధ్యాయంలో పేరు పెట్టే దగ్గర ఒక చిన్న తగువు కనిపిస్తుంది. ఎలీసబెతుకు కొడుకు పుట్టాడు. ఎనిమిదో దినాన ఇరుగుపొరుగువారూ బంధువులూ వచ్చి, తండ్రి పేరే పెడదామన్నారు. తల్లి కాదంది, యోహాను అని పెట్టాలంది. మీ బంధువుల్లో ఆ పేరు ఎవరికీ లేదు కదా అని వాళ్ళు అడ్డు చెప్పారు. మూగవాడై ఉన్న జెకర్యా పలక తెప్పించుకుని రాసి చూపేదాకా ఆ మాట తెగలేదు (లూకా 1:59-63).

మన కొండల్లోనూ ఈ తగువు కొత్తది కాదు. మారేడుమిల్లి చుట్టూ ఉన్న గూడేల్లో బిడ్డకు పేరు పెట్టే ప్రార్థన జరిగేటప్పుడు, ఇంట్లో పెద్దవాళ్ళు ఆ బంధువుల మాటే అంటారు. "వెస్లీ అంటున్నారు, ఆ పేరు మన వంశంలో ఎవరికుంది? అదేం పేరు? దానికి అర్థమేమిటి?" చదువుకున్న పిల్లలు ఇంకొక మెట్టు పైకి వెళ్ళి అడుగుతారు. "అది తెల్లవాళ్ళ పేరు కదా, మనమెందుకు మోయాలి?"

ఈ రెండో ప్రశ్నను మేము తేలిగ్గా తీసుకోలేం. మనముండేది రంపలో. 1879లో కల్లు మీద పన్ను, మున్సబుదారు దోపిడీ, పోలీసుల పీడన భరించలేక మన తాతల తాతలు తిరగబడిన నేల ఇది. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి, 1924 మే దాకా ఇంగ్లీషువాళ్ళకు కంటి మీద కునుకు లేకుండా చేసిన అల్లూరి సీతారామరాజు పేరునే 2022లో మన జిల్లాకు పెట్టారు. ఇలాంటి నేల మీద పుట్టిన పిల్లవాడికి ఒక ఇంగ్లీషు పేరు పెడితే, ఎందుకు పెట్టారని వాడు అడిగే రోజు వస్తుంది. ఆ రోజు తల్లిదండ్రుల దగ్గర జవాబు ఉండాలి. అందుకే ఈ సారి ఆ ఒక్క పేరును తీసుకుని, అది ఎక్కడ పుట్టిందో, ఎవరెవరి చేతుల మీదుగా మనదాకా వచ్చిందో చూద్దాం.

ముందు ఒక మాట తెలుసుకోవాలి. వెస్లీ అనేది మొదట మనిషి పేరు కాదు, ఇంటిపేరు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, పేరు వెనక వస్తుంది. ఇంగ్లీషువాళ్ళకు తిరగేసి ఉంటుంది. జాన్ వెస్లీ గారిని తల్లి పిలిచిన పేరు జాన్, అంటే యోహాను. వెస్లీ ఆయన ఇంటిపేరు. మన సంఘాల్లో మగపిల్లలకు పెట్టే ఇంగ్లీషు పేర్లు చాలావరకు ఇలాంటివే. కేరీ గారి సొంత పేరు విలియం. జడ్సన్ గారి పేరు అదోనిరామ్. స్పర్జన్ గారి పేరు చార్లెస్. లివింగ్‌స్టన్ గారి పేరు డేవిడ్, మూడీ గారి పేరు డ్వైట్. మనం వాళ్ళ పేర్లు వదిలేసి ఇంటిపేర్లు పట్టుకున్నాం. అలా ఒకరి ఇంటిపేరు మన ఇంట్లో పిల్లవాడి పేరై, దాని ముందు మళ్ళీ మన ఇంటిపేరు వచ్చి చేరింది.

ఇంగ్లీషువాళ్ళకు కూడా మొదట్లో ఇంటిపేర్లు లేవు. 1066లో నార్మన్లు ఆ దేశాన్ని గెలిచిన తరువాత రెండు మూడు వందల ఏళ్ళలో అవి మెల్లగా స్థిరపడ్డాయి. కొందరికి వృత్తి పేరైంది. స్మిత్ అంటే కమ్మరి, మన కొండ కమ్మర్ల పేరులో ఉన్న మాటే. కొందరికి తండ్రి పేరైంది. విల్సన్ అంటే విల్ కొడుకు. చాలామందికి వాళ్ళుండే చోటే పేరైంది. మన తెలుగువాళ్ళ ఇంటిపేర్లలో ఊళ్ళ పేర్లు ఎన్ని ఉన్నాయో తలచుకుంటే ఇది వింతగా తోచదు.

వెస్లీ కూడా చోటును బట్టి వచ్చిన పేరే. అందులో రెండు ముక్కలున్నాయి. "వెస్ట్" అంటే పడమర, అది అందరికీ తెలిసిందే. రెండోది "లీ". వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో ఆ మాటకు అడవి అనీ, అడవిలో చెట్లు కొట్టి చేసుకున్న ఖాళీ జాగా అనీ అర్థాలున్నాయి. తరువాతి కాలంలో పచ్చికబయలు అనే అర్థం కూడా వచ్చింది. పడమటి వైపు అడవి కొట్టి బాగుచేసుకున్న చోటు పడమటి లీ అయింది. ఆ చోట ఉండేవాళ్ళ ఇంటిపేరు వెస్ట్‌లీ, వెస్లీ అయింది. మన సంఘాల్లో వినిపించే స్టాన్లీ కూడా ఇదే గుంపులోది. అది రాళ్ళున్న లీ. ఇంగ్లాండు పటం తెరిస్తే "లీ" అని ముగిసే ఊళ్ళు లెక్కలేనన్ని కనిపిస్తాయి. ఒకప్పుడు ఆ దేశమంతా అడవి కొట్టుకుని బతికిన జనమే అని ఆ ఊళ్ళ పేర్లే సాక్ష్యం చెబుతాయి.

అడవి కొట్టి చేసుకున్న చోటుకు మన మాట ఏమిటో మీకు వేరే చెప్పాలా? పోడు. కొండ వాలులో చెట్లు కొట్టి, ఎండిన తరువాత కాల్చి, బూడిద మీద జొన్న, సామ, కొర్ర, కంది చల్లుకుని కొండరెడ్లు తరతరాలుగా బతికారు. వెస్లీ అనే పేరును ఇంగ్లీషు నుంచి విప్పి మన కొండ భాషలో చెప్పుకుంటే దాదాపు "పడమటి పోడువాళ్ళు" అవుతుంది. మా పెద్దలు అర్థం కాని పేరు అంటున్నారే, దాని లోపల ఉన్నది వాళ్ళకు అందరికంటే బాగా అర్థమయ్యే సంగతి.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా ఉంది. ఇంటిపేర్లలో పోడు గుర్తును మోస్తున్న ఆ జాతి దొరలే మన దేశానికి వచ్చి 1882లో మద్రాసు అటవీ చట్టం చేశారు. అడవిని రిజర్వు చేసి, పోడు కొట్టడం, పశువులు మేపడం, వంటచెరకు తెచ్చుకోవడం మీద ఆంక్షలు పెట్టారు. నిన్నటిదాకా తమదైన కొండ మీద మనవాళ్ళు నేరస్తులయ్యారు. 1922 తిరుగుబాటుకు దారితీసిన వాటిలో ఈ అడవి ఆంక్షలు, రోడ్డు పనికి చేయించిన వెట్టి ముఖ్యమైనవి. తమ తాతలు ఎలా బతికారో మరిచిపోయినవాడు ఎదుటివాడి తాతలను నేరస్తులంటాడు. పేరు నోట ఉన్నా దాని అర్థం గుండెలో లేకపోతే జరిగేది అదే.

ఇప్పుడు ఆ కుటుంబం దగ్గరికి వెళ్దాం. జాన్ వెస్లీ గారి ముత్తాత బార్తలోమ్యూ, తాత జాన్, ఇద్దరూ దక్షిణ ఇంగ్లాండులోని డార్సెట్ ప్రాంతంలో సువార్త పరిచారకులు. ఆ రోజుల్లో వాళ్ళ ఇంటిపేరు వెస్ట్‌లీ అని "ట" కారంతోనే రాసేవారు. 1662లో రాజ్యం ఒక చట్టం తెచ్చింది. ప్రభుత్వం ఒప్పుకున్న ప్రార్థన పుస్తకానికి సంపూర్ణ సమ్మతి తెలపని పాదిరీలు గుడి విడిచిపోవాలని దాని సారాంశం. మనస్సాక్షిని చంపుకోలేక దాదాపు 2,000 మంది పోయారు. ఆ పోయినవారిలో ఈ తండ్రీకొడుకులిద్దరూ ఉన్నారు. కొడుకు చెరసాల కూడా చూశాడు. ఇల్లు, జీతం, పీఠం పోయినా మాట మార్చని ఇల్లు అది.

మనవడు శామ్యూల్ మళ్ళీ ఇంగ్లాండు సంఘంలో చేరి, లింకన్‌షైర్‌లో ఎప్‌వర్త్ అనే పల్లెకు పాదిరీ అయ్యాడు. ఇంటిపేరులోని "ట" కారాన్ని తీసేసి వెస్లీ అని రాయడం మొదలుపెట్టింది ఆయనే. మన పిల్లల సర్టిఫికెట్లలో పడే స్పెల్లింగు అలా వచ్చింది. ఆయన అప్పులపాలై 1705లో జైలుకు కూడా వెళ్ళాడు. భార్య సూసన్నాకు 19 మంది పిల్లలు పుడితే సగం దాకా చిన్నప్పుడే పోయారు. మిగిలినవారికి ఆమే బడి. ఐదేళ్ళు నిండిన మర్నాడు అక్షరాలు మొదలుపెట్టేది. వారంలో ఒక్కొక్క బిడ్డతో ఒంటరిగా కూర్చుని ఆత్మ సంగతులు మాట్లాడేది. 1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆ ఇల్లు తగలబడింది. ఐదేళ్ళ జాన్ మేడ గదిలో చిక్కుకుపోయాడు. పైకప్పు కూలే ముందు, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి ఊరివాళ్ళు కిటికీలోంచి బిడ్డను లాగారు. అగ్నిలోంచి తీసిన కొరవి అని జెకర్యా 3:2లో ఉన్న మాటను ఆయన బతికినన్నాళ్ళూ తన గురించి తలచుకునేవాడు.

ఆ పేదింటికి ఒక రోజు పెద్ద ఆస్తి వెతుక్కుంటూ వచ్చింది. వెస్లీ కుటుంబ చరిత్రల్లో చెప్పే ముచ్చట ఇది. ఐర్లాండులో గారెట్ వెస్లీ అనే జమీందారు ఉండేవాడు. ఆయనకు పిల్లల్లేరు. ఇంటిపేరు నిలబడాలని, జాన్ తమ్ముడు చార్లెస్‌ను దత్తతకు అడిగాడు. తండ్రి నిర్ణయాన్ని కొడుక్కే వదిలేశాడు. చార్లెస్ రానన్నాడు. అప్పుడు ఆ జమీందారు తన బంధువు రిచర్డ్ కాలీ అనే ఆయనను వారసుడిగా చేసుకున్నాడు. ఆయన 1728లో ఆస్తితో పాటు వెస్లీ అనే ఇంటిపేరు కూడా పుచ్చుకున్నాడు.

ఆ రిచర్డ్ కాలీ మనవలు ఎవరో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. పెద్దవాడు రిచర్డ్, 1798 నుంచి 1805 వరకు మన దేశానికి గవర్నర్ జనరల్. చిన్నవాడు ఆర్థర్, తరువాతి కాలంలో వాటర్లూ దగ్గర నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ డ్యూక్. వాళ్ళు కూడా పుట్టుకతో వెస్లీలే. 1797లో కల్నల్ ఆర్థర్ వెస్లీగానే ఆ చిన్నవాడు ఇండియాలో దిగాడు. 1798లో ఆ కుటుంబం తమ పేరును పాత పద్ధతిలో వెల్లెస్లీ అని మార్చుకుంది. మనం పాఠ్యపుస్తకాల్లో చదివిన సైన్య సహకార పద్ధతి వెల్లెస్లీ ఆయనే.

ఆ వెల్లెస్లీ నీడ తెలుగు నేల మీద ఎంత పడిందో చూడండి. 1798లో హైదరాబాదు నిజాం ఆయనతో సంధి చేసుకుని కంపెనీ సైన్యాన్ని తన ఖర్చుతో పోషించడానికి ఒప్పుకున్నాడు. 1799లో తమ్ముడు ఆర్థర్ నిజాం సేనను వెంటబెట్టుకుని శ్రీరంగపట్నం యుద్ధానికి వెళ్ళాడు. టిప్పు సుల్తాను అక్కడ చనిపోయాడు. 1800లో ఆ సైన్యం ఖర్చు కింద నిజాం బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను కంపెనీకి అప్పగించాడు. దత్త మండలాలు అని పిలిచిన ఆ సీమే తరువాత రాయలసీమ అయింది.

చార్లెస్ వెస్లీ ఆ దత్తతకు ఒప్పుకుని ఉంటే ఆ ఆస్తి ఆయన చేతికి వచ్చేది. వద్దన్నాడు. అన్నతో కలిసి వీధులు తిరిగాడు, 6,000కు పైగా కీర్తనలు రాశాడు. క్రిస్మసు నాడు మనం పాడుకునే పాటల్లో ఆయన పాట ఒకటి ఉంటుంది. ఒకే ఇంటిపేరు, రెండు దారులు. ఒక దారిలో దత్తతకు వెళ్ళినవాళ్ళు తెలుగు జిల్లాలను సంధి కాగితాల మీద తీసుకున్నారు. ఇంకొక దారిలో దత్తత వద్దన్నవాళ్ళ పేరును తెలుగు తల్లులు తమ బిడ్డలకు తీసుకున్నారు. రాయలసీమలో గానీ మన్యంలో గానీ ప్రేమతో పిల్లవాడికి వెల్లెస్లీ అని పేరు పెట్టుకున్న ఇల్లు మాకు తగల్లేదు. వెస్లీలు మాత్రం ప్రతి మండలంలోనూ ఉన్నారు. తెల్లవాళ్ళ పేరు ఎందుకు మోయాలని అడిగే తమ్ముళ్ళకు మా మొదటి జవాబు ఇదే. మనవాళ్ళు చూసుకున్నది చర్మం రంగును కాదు, మనిషి నడిచిన దారిని.

ఆ దారి ఏమిటో కూడా క్లుప్తంగా చెప్పుకోవాలి. జాన్ వెస్లీ ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, పాదిరీ అయ్యాడు, స్నేహితులతో కలిసి నియమం తప్పకుండా ప్రార్థించాడు, ఖైదీలను చూడబోయాడు. పద్ధతి పట్టుకుని వేలాడేవాళ్ళని వెక్కిరిస్తూ తోటివాళ్ళు మెథడిస్టులని పేరు పెట్టారు. అంతియొకయలో శిష్యులకు మొదట క్రైస్తవులని పేరు వచ్చిన సంగతి (అపొ. కార్యములు 11:26) ఇక్కడ గుర్తుకొస్తుంది. 1735లో అమెరికాలోని జార్జియాకు మిషనరీగా వెళ్ళి, రెండేళ్ళకే మనసు విరిగి తిరిగొచ్చాడు. పోయేటప్పుడు ఓడ తుఫానులో పడితే, అదే ఓడలో ఉన్న మొరేవియన్ విశ్వాసులు పిల్లలతో సహా నెమ్మదిగా కీర్తనలు పాడుకుంటుంటే, తనకు చావంటే భయం వేస్తోందని ఆయన కనిపెట్టుకున్నాడు. 1738 మే 24 సాయంత్రం, లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన చిన్న కూడికలో ఎవరో రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట చదువుతుంటే, క్రీస్తు తన పాపాలను కూడా, అవును తనవి కూడా, తీసివేశాడన్న నిశ్చయం ఆయన గుండెలో వెచ్చగా దిగింది. అప్పటికి ఆయనకు 34 ఏళ్ళు. ముత్తాత నుంచి నాలుగు తరాల పాదిరీల ఇంటిపేరు మోస్తూ, తానూ పాదిరీ అయి ఉండి, అన్నేళ్ళు ఆ నిశ్చయం లేకుండానే తిరిగాడు.

1739 ఏప్రిల్‌లో బ్రిస్టల్ దగ్గర మొదటిసారి గుడి విడిచి బయట నిలబడి బోధించాడు. గుడి ముఖం చూడని బొగ్గు గని కూలీలు వేలమంది విన్నారు. 1742లో సొంత ఊరు ఎప్‌వర్త్ గుడిలో మాట్లాడనివ్వకపోతే తండ్రి సమాధి రాతి మీద నిలబడి చెప్పాడు. గుర్రం మీద ఆయన తిరిగిన దూరం రెండున్నర లక్షల మైళ్ళని లెక్కగట్టినవారు అంటారు. ఆక్స్‌ఫర్డ్ రోజుల్లో ఏటా 28 పౌండ్లతో గడుపుకుని, రాబడి పెరిగినా ఖర్చు పెంచకుండా మిగిలింది బీదలకు ఇచ్చేవాడని చెబుతారు. 1791 మార్చి 2న చనిపోతే, వీలునామా ప్రకారం బండీ గుర్రాలూ లేకుండా ఆరుగురు బీదవాళ్ళు ఆయన పెట్టెను మోశారు. ఆ ఆరుగురికీ పంచమని ఆరు పౌండ్లు విడిగా రాసిపెట్టాడు.

ఆయన చివరి రోజుల్లో జరిగిన ఒక సంగతి మన ప్రశ్నకు చాలా దగ్గరగా ఉంది. బానిస వ్యాపారాన్ని తిడుతూ ఆయన 1774లోనే ఒక చిన్న పుస్తకం రాశాడు. చనిపోవడానికి ఆరు రోజుల ముందు, 1791 ఫిబ్రవరి 24న, పార్లమెంటులో ఆ వ్యాపారం మీద పోరాడుతున్న విల్బర్‌ఫోర్స్‌కు ధైర్యం చెబుతూ ఒక ఉత్తరం రాశాడు. ఆ రోజుల్లో ఆయన చదువుతున్నది ఒలౌదా ఎక్వియానో అనే ఆఫ్రికా మనిషి రాసిన ఆత్మకథ. ఆ ఎక్వియానోను చిన్నప్పుడు కొనుక్కున్న యజమాని అతని పేరు మార్చి గస్టావస్ వాసా అని పెట్టాడు. ఆ పేరుకు పలకనంటే కొట్టి పలికించాడు.

దానియేలు గ్రంథంలో జరిగిందీ ఇదే. బబులోను రాజు నపుంసకుల అధిపతి దానియేలును బెల్తెషాజరు అన్నాడు, హనన్యాను షద్రకు అన్నాడు (దానియేలు 1:7). చెరపట్టినవాడు ముందు పేరు తీసుకుంటాడు. అలాంటి పేరు నుదుటి మీద వేసిన వాత లాంటిది. ఎలీసబెతు, జెకర్యా పెట్టిన పేరు అలాంటిది కాదు. అది దేవుడు చేసిన మేలును తలచుకుని తల్లిదండ్రులు నోరారా పిలుచుకున్న పేరు. మన తల్లిదండ్రులు వెస్లీ అని పిలిచింది ఏ దొర భయంతోనూ కాదు. దొరలు వెళ్ళిపోయి దశాబ్దాలైనా ఈ పేరు కొండల్లో కొత్తగా పుడుతూనే ఉంది. ఒకటి మెడకు కట్టిన పేరు, రెండోది ఒడిలో పెట్టిన పేరు. బయటికి రెండూ పరాయి మాటల్లాగే వినిపిస్తాయి. తేడా పెట్టిన చేతిలో ఉంది.

మరి ఆ పేరు మన దాకా ఎలా వచ్చింది? వెస్లీ గారు ఎన్నడూ ఇండియా రాలేదు. ఆయన జతపనివాడు థామస్ కోక్ 66 ఏళ్ళ వయసులో, చాలావరకు తన సొంత డబ్బు పెట్టుకుని, కొందరు యౌవనస్థులను వెంటబెట్టుకుని ఓడ ఎక్కాడు. 1814 మే 3న హిందూ మహాసముద్రం మీదే చనిపోయాడు. ఆ యౌవనస్థులు సిలోను చేరారు, అక్కడి నుంచి పని మద్రాసుకు వచ్చింది. తరువాతి తరంలో విలియం బర్జెస్ సికింద్రాబాదులో వెస్లియన్ మిషన్ పని ప్రారంభించాడు. అక్కడి నుంచి అది మెదక్ పల్లెలకు పాకింది. చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన మెదక్ గుడిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. కరువు రోజుల్లో ఆ కట్టడం పని ఎన్నో ఇళ్ళకు గంజి పోసిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. సికింద్రాబాదులో వెస్లీ పేరుతో గుడి ఉంది, బడి ఉంది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆ మెథడిస్టులూ అందులో కలిశారు.

మన గోదావరి వైపు మొదట వచ్చింది మాత్రం వేరే మిషన్లు. నరసాపురంలో బ్రదరన్‌వారు, రాజమండ్రిలో లూథరన్‌వారు, పైన దుమ్ముగూడెంలో కోయల మధ్య ఆంగ్లికన్ చర్చి మిషనరీ సొసైటీవారు. అయినా ఈ రోజు లూథరన్ ఇంట్లోనూ వెస్లీ ఉన్నాడు, బాప్టిస్టు ఇంట్లోనూ ఉన్నాడు, పెంతెకొస్తు మందిరంలోనూ ఉన్నాడు. మిషన్లు తమ మధ్య గీసుకున్న హద్దులు పేరుకు పట్టలేదు. సువార్త సభల్లో, కీర్తనల పుస్తకాల్లో, సండే స్కూలు కథల్లో విని తల్లులు ఎత్తుకుపోయిన పేరు ఇది.

ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో కూడా ఇంటిపేరు ఇలాగే పిల్లవాడి పేరైంది. మొదట పెద్ద కుటుంబాలవాళ్ళు తల్లి పుట్టింటి ఇంటిపేరు పోకుండా కొడుక్కి పెట్టేవారు. తరువాత సామాన్యులు తమకిష్టమైన వీరుల, బోధకుల ఇంటిపేర్లు పెట్టసాగారు. అమెరికాలో మెథడిస్టు ఇళ్ళ నిండా జాన్ వెస్లీలు పుట్టారు. ఇద్దరి సంగతి మన పిల్లలు తెలుసుకోవాలి. ఒకరు 1834లో పుట్టిన జాన్ వెస్లీ పావెల్. తండ్రి మెథడిస్టు బోధకుడు. యుద్ధంలో ఒక చెయ్యి పోగొట్టుకున్నా, 1869లో కొలరాడో నది మీద పడవల్లో గ్రాండ్ కాన్యన్ దాటి ఆ లోయను లోకానికి తెలియజెప్పాడు. రెండోవాడు 1853లో పుట్టిన జాన్ వెస్లీ హార్డిన్. ఇతని తండ్రీ మెథడిస్టు బోధకుడే. ఇతడు టెక్సాస్‌లో తుపాకీ పట్టి, ఎంతోమందిని చంపి, జైలుకెళ్ళి, చివరికి 1895లో తుపాకీ గుండుకే పోయాడు. ఒకే పేరు, ఒకే రకం ఇల్లు, ఒకే ప్రార్థన. పేరు పెట్టినంత మాత్రాన పిల్లవాడు నిలబడడు.

ఇదంతా విని కొందరు తల్లిదండ్రులు అడగవచ్చు. అయితే బాప్తిస్మానికి ఇలాంటి పేరు పెట్టుకుని తీరాలా? అక్కర్లేదు. తాత పేరుతోనే ఉన్న విశ్వాసిని దేవుడు ఆ పేరుతోనే పిలుస్తాడు. పేరుపెట్టి పిలిచాను, నీవు నా సొత్తు అని యెషయా 43:1లో ప్రభువు చెప్పిన మాటకు ఏ భాష పేరైనా ఒకటే. తాత పేరు ప్రేమతో పెట్టుకున్నా మంచిదే, వెస్లీ అని పెట్టుకున్నా మంచిదే. పాత పేరును సిగ్గుపడి దాచుకోవడమే మంచిది కాదు. మీ బిడ్డకు వెస్లీ అని పెడితే మాత్రం, వాడికి ఊహ తెలిసిన రోజున ఈ కథ కూడా చెప్పండి. కథ చెప్పకుండా పేరు ఒక్కటే ఇస్తే, విత్తనం ఇవ్వకుండా సంచి ఇచ్చినట్టే.

మన సంఘంలోని వెస్లీలకు, ముఖ్యంగా హాస్టళ్ళలో, కాలేజీల్లో ఉండి ఇది చదువుతున్న యౌవనస్థులకు ఒక మాట. ఎవరైనా "నీది తెల్లోడి పేరు" అని ఎగతాళి చేస్తే కోపం తెచ్చుకోకండి. నా పేరుకు అర్థం పడమటి పోడు అని చెప్పండి. ఆస్తి వద్దన్నవాళ్ళ పేరు అని చెప్పండి. మనస్సాక్షి కోసం గుడి విడిచి వీధిన పడ్డవాళ్ళ పేరు, బానిస పక్షాన చివరి ఊపిరిదాకా మాట్లాడిన ముసలాయన పేరు అని చెప్పండి. అలా చెప్పాక, ఆ మాట మీ నడతలో కనిపించేలా చూసుకోండి. కొండ మీద ఒంటరిగా ఉన్న ముసలమ్మకు పింఛను కాగితం చదివి పెట్టేవాడు, సంతలో అమాయకుడిని మోసం చేస్తుంటే అడ్డుపడేవాడు, సారా పాకెట్టు ముందు తల తిప్పుకునేవాడు ఆ పేరుకు తగినవాడు.

ఆ వెస్లీకి కూడా పేరు చాలలేదని మరచిపోకండి. నాలుగు తరాల దీవెన వెనక ఉన్నా, 34 ఏళ్ళ వయసులో ఒక సాయంత్రం ఆయన తన కోసం తానే ప్రభువును నమ్ముకోవలసి వచ్చింది. మీకూ అలాంటి సాయంత్రం కావాలి. గొప్ప ఐశ్వర్యం కంటే మంచి పేరు కోరదగినదని సామెతలు 22:1 చెబుతుంది. ఆ మంచి పేరు తల్లిదండ్రులు రిజిస్టరులో రాయించే పేరు కాదు, మనం బతికి సంపాదించుకునేది. జయించినవానికి తెల్లరాతి మీద చెక్కి ప్రభువే ఇచ్చే కొత్త పేరు ఇంకొకటి ఉంది (ప్రకటన 2:17). అది ఏ వంశంలోనూ లేని పేరు. దానికోసం మనమందరం, వెస్లీలమైనా కాకపోయినా, ఒకే రీతిగా కనిపెడదాం.

ప్రార్థన: పేరు పెట్టి పిలిచే తండ్రీ, మా కొండల్లో పుట్టిన ప్రతి బిడ్డ పేరూ నీకు తెలుసు. మా తాతల పేర్లూ నీకు తెలుసు. మేము మోస్తున్న పేర్లకు తగినట్టు నడిచే కృప మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.